ఈసింగ్టన్ కాలరీ: బొగ్గు పోయాక ఊరిని నిలబెట్టాలా, మనుషులను కదిలించాలా?

డర్హమ్ డాక్టరు

పోయిన వారం మన తెలుగువాళ్ల విందులో ఒక మిత్రుడు ఒక మాట అన్నారు. "బొగ్గు కోసమే పుట్టిన ఊళ్లో బొగ్గు లేనప్పుడు జనం ఎందుకుండాలి, ప్రభుత్వం అక్కడ డబ్బెందుకు పోయాలి" అని. అక్కడ జవాబు చెప్పడానికి వీలు కుదరలేదు కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

తొమ్మిదేళ్లుగా నేను పనిచేస్తున్న క్లినిక్కుకు ఈసింగ్టన్ కాలరీ, హార్డెన్ వంటి ఊళ్ల నుంచి రోగులు వస్తారు. ఈసింగ్టన్ కాలరీ (కాలరీ అంటే బొగ్గు గని, దాని చుట్టూ కట్టిన ఊరు) ఇంగ్లండ్‌లోని డర్హమ్ కౌంటీ తూర్పు తీరాన ఉంది. గుట్ట మీద పాత చర్చి చుట్టూ ఉన్న ఈసింగ్టన్ గ్రామం వేరు, దాని కింద సముద్రం వైపు ఇటుక ఇళ్ల వరుసలతో ఉన్న ఈ కాలరీ వేరు. 1899లో గని బావి తవ్వడం మొదలుపెట్టే దాకా ఇక్కడ పొలాలే. తర్వాత ఉత్తర సముద్రం అడుగున మైళ్ల దూరం పోయి బొగ్గు తీశారు. 1951 మే 29 తెల్లవారుజామున, షిఫ్టు మారే వేళ, బొగ్గు కోసే యంత్రం పళ్లు రాతిలోని ఇనుప ఖనిజానికి తగిలి నిప్పురవ్వ లేచింది. దానికి గ్యాస్ అంటుకుంది, బొగ్గు ధూళి ఆ మంటను గని లోపలంతా పాకించింది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ లోపలే ఉన్నందువల్ల 81 మంది పోయారు. వాళ్లను వెదకడానికి దిగిన రక్షణ దళంలో మరో ఇద్దరు పోయారు. అంత జరిగినా ఆ గని మరో నలభై రెండేళ్లు నడిచింది. 1993 మే 7న మూసినప్పుడు 1,400 మందికి పని పోయింది.

ఈ ఊరు తనంతట తాను చావలేదని, దాన్ని నిర్ణయం తీసుకుని చంపారని, చంపినవాళ్లకు నిలబెట్టవలసిన బాధ్యత ఉందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణంతో చెప్పండి.

లెక్కల మాష్టారు

డాక్టరు గారూ, "చంపారు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. 1984 మార్చిలో గనుల మూసివేతకు వ్యతిరేకంగా సమ్మెకు దిగినప్పుడు గని కార్మికుల జాతీయ సంఘం దేశవ్యాప్తంగా సభ్యుల ఓటు తీసుకోలేదు. సంఘాధ్యక్షుడు ఆర్థర్ స్కార్గిల్ ఆ ఓటు పెట్టి ఉంటే నాటింగ్‌హామ్‌షైర్ కార్మికులు పనిలోకి పోయేవారు కాదు, సమ్మె అలా విరిగేది కాదు. మరో సంగతి కూడా ఉంది. 1960లలో విల్సన్ గారి లేబర్ ప్రభుత్వం మూసిన గనులు 1980లలో కన్సర్వేటివ్ ప్రధాని థాచర్ గారి కాలంలో మూసినవాటి కంటే తక్కువేమీ కావు. ఒక్క పార్టీ మీద నింద వేయడం చరిత్ర కాదు.

వంశధార

చర్చ ఊరి గురించి కదా మాష్టారూ, ఓటు గురించి కాదు.

బొగ్గుట్ట

నేను పుట్టిందీ పెరిగిందీ ఇల్లెందులో. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా బాయి దిగినవాడు. పదిహేనేళ్లుగా లీడ్స్‌లో ఉంటున్నాను కనుక ఇక్కడి బొగ్గు ఊళ్లు కూడా చూసినవాణ్ణే. డాక్టరు గారి ఆవేదన పట్ల గౌరవం ఉంచుకునే విభేదిస్తున్నాను.

బొగ్గు ఊరికి మిగిలిన ఊళ్లతో పోలిక లేదు. పల్లెకు చెరువుంటుంది, పొలముంటుంది, సంత ఉంటుంది. ఒకటి పోయినా మరొకటి మనిషిని పట్టుకుంటుంది. కాలరీకి ఒక్క బావే దిక్కు. కంపెనీ తన అవసరం కోసం వరుసగా ఇళ్లు కట్టి, బావి దగ్గరికి నడిచి పోగలిగినంత దూరంలో మనుషులను పెట్టింది. ఆ ఇళ్లు అక్కడ ఎందుకున్నాయో ఆ కారణమే పోయాక, ఊరి ముఖద్వారానికి రంగు వేసి, ఒక శిలాఫలకం నాటి, ఏడాదికో పథకం ప్రకటిస్తూ పోతే ఎవరికి మేలు? ఆ డబ్బు నేరుగా మనిషికి ఇవ్వండి. చదువుకు ఇవ్వండి, వేరే ఊళ్లో ఇంటి అద్దెకు ఇవ్వండి, కొత్త పని నేర్చుకునే రెండేళ్లు ఇల్లు గడవడానికి ఇవ్వండి. రుణపడింది మనిషికి, ఇటుకలకు కాదు.

డర్హమ్ డాక్టరు

మాష్టారికి ముందు జవాబు చెబుతాను. 1960లలో గనులు మూసిన మాట నిజమే. అయితే అప్పుడు డర్హమ్ పడమటి వైపు బొగ్గు పొరలు అయిపోతుంటే, అక్కడి మనుషులను తూర్పు తీరంలోని గనులకు పంపారు. సామాను కట్టుకుని పోవడానికి ఇంకో బావి ఉంది. ఈసింగ్టన్ తీరాన ఉన్న చివరి వరుస. 1993 డిసెంబరులో సండర్లాండ్‌లోని వేర్‌మత్ గనిని కూడా మూసేశాక, ఒకప్పుడు లక్షన్నర మందికి పైగా గనుల్లో పనిచేసిన డర్హమ్ క్షేత్రంలో దిగడానికి ఒక్క బావి మిగల్లేదు. మూయడానికీ, వెళ్లే చోటు లేకుండా మూయడానికీ తేడా ఉంది.

బొగ్గుట్ట గారూ, మనిషికి ఇవ్వండి అన్నారు. ఇవ్వవలసిందే. కానీ మనిషికి ఇవ్వవలసినది కూడా ఎలా ఇచ్చారో చూడండి. ఊపిరితిత్తుల జబ్బుకు బాధ్యత యాజమాన్యానిదేనని హైకోర్టు చెప్పింది 1998లో. అప్పటికే ఎందరో పోయారు. 1994లో బొగ్గు పరిశ్రమను ప్రైవేటుకు అప్పగించినప్పుడు, పింఛను నిధికి పూచీ ఉన్నందుకు ప్రతిఫలంగా ఆ నిధి మిగులులో సగం ప్రభుత్వం తీసుకునేలా ఒప్పందం పెట్టారు. నిధిలో పక్కన ఉంచిన 150 కోట్ల పౌండ్లను కార్మికులకు వదిలేస్తామని చెప్పి, పింఛను 32 శాతం పెంచింది 2024లో. ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లూ ఆ ముసలివాళ్లను పట్టుకుని ఉన్నది ఊరే.

లెక్కల మాష్టారు

నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఓటు పెట్టారా, పెట్టలేదా?

డర్హమ్ డాక్టరు

పెట్టలేదు. పెట్టి ఉండవలసిందని సమ్మె చేసినవాళ్లలోనే చాలామంది అంటారు, నేనూ అంటాను. అయితే ఓటు లేదని పనిలోకి పోయిన నాటింగ్‌హామ్‌షైర్ గనులు మిగిలాయా? 1992 అక్టోబరులో మంత్రి మైకెల్ హెసెల్టైన్ 31 గనులు మూస్తామని ప్రకటించిన జాబితాలో అక్కడివి కూడా ఉన్నాయి. స్కార్గిల్ గారు డెబ్బైకి పైగా గనులు మూసే రహస్య ఆలోచన ఉందన్నప్పుడు ప్రభుత్వం కాదంది. 2014 జనవరిలో బయటపెట్టిన మంత్రివర్గ పత్రాల్లో 75 గనుల లెక్క కనిపించింది. సమ్మె చేసినవాడికీ, చేయనివాడికీ చివరికి ఒకే దారి చూపించారు.

సాహితి

సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య ఇప్పటికీ నల్లటి గని మట్టి కనిపిస్తుంది. 1997లో మొదలుపెట్టి అయిదేళ్లు ఆ తీరం శుభ్రం చేశారట కదా, మరి అది డబ్బు దండగా?

బొగ్గుట్ట

సాహితి గారూ, తీరం శుభ్రం చేయడం దండగ కాదు. పాడుచేసినవాడు బాగుచేయాలి. నా అభ్యంతరం వేరు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని "ఇది మీ తాత ఊరు, మీ నాన్న ఊరు, నువ్వు వదిలిపోతే ఊరు చస్తుంది" అని కట్టిపడేసే మాట మీద నా అభ్యంతరం. బ్రిటన్ చివరి లోతైన గని కెలింగ్లీని 2015లో మూశారు. బొగ్గుతో నడిచే చివరి విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరులో ఆపేశారు. ఇక బొగ్గు తిరిగి రాదు. రానిదాని జెండా పట్టుకుని ఏడాదికోసారి ఊరేగితే పిల్లవాడి కడుపు నిండదు.

డర్హమ్ డాక్టరు

ఆ ఊరేగింపు గురించి తెలియకుండా మాట్లాడకండి. డర్హమ్ గని కార్మికుల జాతర 1871 నుంచి జరుగుతోంది. జులైలో రెండో శనివారం ఒక్కొక్క ఊరి బ్యానరు, దానితో పాటు ఇత్తడి వాద్యాల బృందం నడుస్తాయి. ఆ ఏడు గనిలో ఎవరైనా పోయి ఉంటే వాళ్ల ఊరి బ్యానరు మీద నల్లటి గుడ్డ కప్పేవారు. గనులన్నీ పోయాక కూడా చిరిగిన బ్యానర్లను చందాలు వేసుకుని మళ్లీ కుట్టించుకుంటున్నారు. అది కడుపు నింపడానికి కాదు.

పుష్యమి

నేను ఈ చర్చలో ఎప్పుడూ రాయలేదు. హార్డెన్‌లో ఉంటున్నాను కనుక రాస్తున్నాను. వృద్ధులను ఇళ్లకు వెళ్లి చూసుకునే ఉద్యోగం మీద వచ్చాను. తీసుకొచ్చిన సంస్థ చెప్పినన్ని గంటల పని ఇవ్వలేదు, దాని గురించి ఇక్కడ వద్దు. అద్దె తక్కువని ఈ ఊరు చేరాను.

హార్డెన్‌లో చాలా వీధులకు పేర్లు లేవు, అంకెలే. మొదటి వీధి, రెండో వీధి, అలా. ఇక్కడి గని 1987లో మూతపడింది. మా ఎడమ పక్క ఇంటి కిటికీలకు ఇనుప రేకులు కొట్టి ఉన్నాయి. ఆ ఇంటి యజమాని ఎక్కడో దూరాన ఉంటూ వేలంలో ఇల్లు చూడకుండానే కొన్నాడని అంటారు. వాన పడితే ఆ ఇంటి గోడలోని తడి మా గోడలోకి దిగుతుంది. మంచం అటు నుంచి ఇటు జరిపి పడుకుంటున్నాను. కుడి పక్క ఇంట్లో ఒక పెద్దామె ఉంటారు. ఆమె భర్త గనిలో చేశారు, ఇప్పుడు లేరు. పొద్దున్నే వీధి వెనక సందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆవిడే ఊడుస్తారు. రేకులు కొట్టిన ఇళ్ల వెనక కూడా ఊడుస్తారు. ఎందుకమ్మా అంటే, అది నా సందు అన్నారు.

మీరిద్దరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. ఇక్కడివాళ్లు నాతో మాట్లాడేది సాయంత్రం ఆరు తర్వాత బస్సు గురించి.

లెక్కల మాష్టారు

అమ్మా పుష్యమీ, మీరు రాసినది చదివాక ఓటు గురించి పట్టుబట్టడం ఆపుతున్నాను. ఆ ఇళ్లు కూల్చి కొత్తవి కడతామన్నారని విన్నాను. ఏమైంది?

పుష్యమి

కౌన్సిల్ ఆ ప్రణాళిక చేసి చాలా ఏళ్లయిందండీ. కూల్చుతారని తెలిసిన ఇంటికి ఎవరు మరమ్మతు చేస్తారు? అందుకే రేకులు.

బొగ్గుట్ట

పుష్యమి గారు చెప్పినదే నా వాదనకు ఆధారం. ఆ వీధిని పట్టుకుని ఉండమనడం ఆ పెద్దామెకు కూడా న్యాయం కాదు. మంచి ఇల్లు ఇచ్చి, ఆసుపత్రీ అంగడీ దగ్గర్లో ఉన్న చోటికి గౌరవంగా తరలించాలి. కొన్ని ఊళ్లను మర్యాదగా ముగించే ధైర్యం ప్రభుత్వానికి ఉండాలి.

డర్హమ్ డాక్టరు

మర్యాదగా ముగించడం! బొగ్గుట్ట గారూ, ఆ మాట ఈ కౌంటీలో ఇదివరకే ఒకసారి కాగితం మీద పెట్టారు. 1951లో డర్హమ్ కౌంటీ ప్రణాళికలో ఊళ్లను నాలుగు తరగతులుగా విడగొట్టి, 114 ఊళ్లకు "డి" అని రాశారు. ఆ ఊళ్లకు భవిష్యత్తు లేదు, కొత్త పెట్టుబడి పెట్టరాదు, ఉన్న ఇళ్లు పాతబడ్డాక కూల్చవచ్చు, అక్కడివారు వేరే చోటికి పోవాలి అని దాని అర్థం. చేసింది థాచర్ కాదు. గని కార్మికుల ఓట్లతో గెలిచిన కౌన్సిలే చేసింది. వాళ్ల మనసులోనూ మీ మనసులో ఉన్న మంచే ఉంది. పాత వరుసల్లోంచి తెచ్చి పీటర్లీ వంటి కొత్త పట్టణాల్లో పెడదామనుకున్నారు. 1977లో ఆ విధానం వదిలేసే దాకా పాతికేళ్లు ఆ ఊళ్లలో పైకప్పు కారినా బాగుచేయించుకోవడానికి దిక్కు లేదు. ఎదురు తిరిగి నిలిచినందువల్లే చాలా ఊళ్లు ఈ రోజుకీ ఉన్నాయి. మీరు ఆ "డి" అక్షరాన్నే మళ్లీ రాస్తున్నారు. లీడ్స్‌లో కూర్చుని, బొగ్గు కుటుంబంలో పుట్టి, సాటి బొగ్గు ఊరి గురించి ఇలా ఎలా రాయగలిగారో నాకు అర్థం కావడం లేదు. ఊరు వదిలిపోయినవాడికి ఊరు బరువుగానే కనిపిస్తుంది.

వంశధార

డాక్టరు గారూ, చివరి వాక్యం అవసరం లేదు.

బొగ్గుట్ట

ఉండనివ్వండి వంశధార గారూ, ఆ వాక్యానికే జవాబు చెబుతాను.

అవును, నేను వదిలిపోయినవాణ్ణే. మా అన్న వదల్లేదు. మా అన్న ఇంటర్‌లో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు. "నాన్న ఉద్యోగం వాడికి వస్తుంది, బాయి మనది, ఎక్కడికీ పోవద్దు" అని ఇంట్లో, బస్తీలో ప్రతి ఒక్కరూ చెప్పారు. ఎనిమిదేళ్లు ఎదురుచూశాడు. ఆ ఎనిమిదేళ్లలో డిగ్రీ మానేశాడు, చిన్న చిన్న పనులు చేశాడు, రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర అరుగు మీద తోటివాళ్లతో కూర్చుని ఎవరికి ఎప్పుడు వస్తుందో లెక్కలు వేశాడు. ఉద్యోగం రాలేదు. మా వీధి ఉన్న చోట ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గని మట్టి దిబ్బ ఉంది. వీధి పోయాక కూడా అన్న ఆ చుట్టుపక్కలే అద్దెకుంటున్నాడు. నేను ఫోన్ చేస్తే "నీకేం, వెళ్లిపోయావు" అంటాడు. ఇప్పుడు మీరూ అదే అన్నారు.

ఊరిని ప్రేమించమని ఎవరైనా అంటే నాకు వినపడేది మా అన్న ఎనిమిదేళ్లు. ఈసింగ్టన్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని ఎవరూ అరుగు మీద కూర్చోబెట్టకూడదని నా పట్టుదల. దాన్ని "డి" అక్షరం అంటే అనండి.

సాహితి

బొగ్గుట్ట గారూ, చదివాను.

డర్హమ్ డాక్టరు

బొగ్గుట్ట గారూ, ఆ వాక్యం రాసి ఉండకూడదు. క్షమించండి. మిమ్మల్ని అన్న మాట నాకే ఎక్కువ తగులుతుంది. మా అమ్మానాన్నలు ఒంగోలు దగ్గర పల్లెలో ఇద్దరే ఉంటున్నారు. మా వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే తొమ్మిదింటికి తాళాలు. పక్కింటాయన మా నాన్నకు బి.పి. మాత్రలు తెచ్చిపెడతాడు. ఆ పక్కింటాయన కూడా కొడుకు దగ్గరికి పోతే నేను ఏం చేస్తానో నాకు తెలియదు.

ఒక సంగతి చెబుతాను. ఈ ఊళ్లలో పనిచేసిన పాతవాళ్ల చేతుల మీద, నుదుటి మీద నీలి గీతలుంటాయి. గాయంలో బొగ్గు ధూళి ఉండగానే చర్మం పూడుకుపోతే ఆ రంగు జన్మంతా పోదు. మొదట్లో నాకు తెలియక ఒక పెద్దాయనను పచ్చబొట్టా అని అడిగాను. ఆయన నవ్వి, కాదు, గని తన సంతకం పెట్టింది అన్నాడు. మీ నాన్నగారికీ ఉండే ఉంటాయి.

బొగ్గుట్ట

ఎడమ కనుబొమ్మ పైన ఉంది. చిన్నప్పుడు దాన్ని వేలితో తుడిచేవాణ్ణి, పోతుందేమోనని.

డర్హమ్ డాక్టరు

మీ అన్నగారి విషయంలో మీరు చెప్పినది నేను ఇంతవరకు పట్టించుకోని కోణం. ఊరు నిలవాలి అన్నప్పుడు నేను ఉండిపోయిన ముసలివాళ్లనే తలుచుకున్నాను. ఉండమని బలవంతపెట్టిన పిల్లలను తలుచుకోలేదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పిల్లలు వెళ్లాలి, సరే. వెళ్లలేనివాళ్లు, వెళ్లనని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఉన్నంతకాలం ఆ ఊళ్లో డాక్టరు, బస్సు, కారని పైకప్పు ఉండాలా వద్దా? "మనిషికి ఇవ్వండి" అన్నారు కదా, సందు ఊడ్చే ఆ పెద్దామెకు ఇవ్వవలసినది ఊళ్లో కాక ఇంకెక్కడ ఇస్తారు?

వంశధార

ఆ పాత గనుల్లో నిండిన నీళ్లు భూమి వేడికి సుమారు 20 డిగ్రీలుంటాయి. ఇదే తీరంలో డాడన్ దగ్గర తోడే ఆ నీటితో ఇళ్లు వెచ్చబరిచే ప్రణాళిక ఉంది. బొగ్గు అయిపోయినా కింద ఇంకేదో ఉన్నట్టే కదా.

లెక్కల మాష్టారు

వెచ్చబరచడం మంచిదే. కొత్తగా కట్టే ఇళ్లకా, రేకులు కొట్టిన వీధులకా అన్నది అడగాలి.

పుష్యమి

మీ అందరికీ ఒక మాట. హార్డెన్‌లో 1964లో మూసిన రైలు స్టేషనును 2020లో మళ్లీ తెరిచారు. పొద్దున్న నేను ఆ బండి ఎక్కి పనికి పోతుంటే, నాతోపాటు సండర్లాండ్ కాలేజీకి పోయే పిల్లలు ఎక్కుతారు. సాయంత్రం అదే బండిలో తిరిగి వస్తారు. వాళ్లు ఊరు వదిలినట్టా, ఉన్నట్టా అని మీ చర్చ చదివాక ఆలోచిస్తున్నాను. ఆ పెద్దామె మనవరాలు కూడా వాళ్లలో ఉంది. శనివారాలు సందు ఆ అమ్మాయే ఊడుస్తుంది.

బొగ్గుట్ట

పుష్యమి గారూ, స్టేషనుకు పెట్టిన డబ్బును నేను దండగ అనను. పొద్దున పంపి సాయంత్రం తిరిగి తెచ్చే బండి మా బస్తీకి ఉండి ఉంటే మా అన్న డిగ్రీ పూర్తి చేసేవాడు. కానీ డాక్టరు గారూ, కూల్చక, కట్టక, రేకులు కొట్టి ఏళ్ల తరబడి నాన్చడాన్ని మాత్రం ఊరిని నిలబెట్టడం అనకండి. ఉంచేదయితే ఈ చలికాలంలోపు ఆమె గోడ ఆరాలి. కాదంటే ఆమెను కూర్చోబెట్టి నిజం చెప్పాలి. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

డర్హమ్ డాక్టరు

తగ్గవద్దు. ఈ గోడ సంగతి కౌన్సిల్‌కు ఉత్తరంగా రాస్తున్నాను, తడి వల్ల ఊపిరితిత్తులకు ఏమవుతుందో వైద్యుడిగా నేను రాయగలను. పుష్యమి గారూ, ఆ పెద్దామె ఒప్పుకుంటేనే పంపుతాను. ముందు ఆమెను అడిగి చెప్పండి.

పుష్యమి

రేపు పొద్దున సందులో అడుగుతాను.